నీళ్ల తొట్టెకు జరిమానా: ముందస్తు నోటీసు ఏది?

సంపాదక మహాశయా,

నేను విజయనగరం జిల్లాలోని ఒక చిన్న పురపాలక పట్టణంలో ఉంటున్నాను. గత నెల ఒక శుక్రవారం ఉదయం పారిశుద్ధ్య సిబ్బంది ముగ్గురు మా ఇంటికి వచ్చి, పెరట్లోని సిమెంటు తొట్టెను, దాని పక్కనున్న రెండు ప్లాస్టిక్ డ్రమ్ములను ఫోన్‌లో ఫొటో తీసుకుని, దోమలు పెరిగేలా నీరు నిల్వ ఉంచామంటూ రూ.500 జరిమానా రాశారు. అప్పుడు నేను పింఛను పని మీద బ్యాంకుకు వెళ్లాను. కట్టకపోతే కుళాయి కనెక్షన్ తీసేస్తారన్న మాటకు భయపడి నా భార్య ఆ డబ్బు ఇచ్చేసింది. రసీదులో 'పారిశుద్ధ్య నిబంధనల ఉల్లంఘన' అని మాత్రమే ఉంది. ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ పాత్రలో ఏం కనిపించింది అన్న వివరం ఒక్కటీ లేదు. మర్నాడే కార్యాలయంలో రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చాను, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు కూడా పెట్టాను. సమాధానానికి చట్టం ఇచ్చిన 30 రోజుల గడువు ఇంకా ముగియలేదు కనుక దాని గురించి ఇప్పుడు ఏమీ అనను.

ఈ విషయం మాట్లాడే అర్హత నాకు కొంత ఉంది. మలేరియా విభాగంలో 31 ఏళ్లు పనిచేసి, హెల్త్ సూపర్‌వైజర్‌గా పదవీ విరమణ చేశాను. కురుపాం, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీ గ్రామాల్లో జ్వరం వచ్చినవారి నుంచి పరీక్ష కోసం గాజు పలకల మీద రక్తపూతలు తీసినవాణ్ణి, ఇళ్ల గోడలకు మందు కొట్టించినవాణ్ణి, వేల ఇళ్లలో కుండలూ తొట్టెలూ తొంగి చూసినవాణ్ణి. లార్వా (నీటిలో పెరిగే దోమ పిల్ల పురుగు) సర్వే అంటే ఫొటో తీయడం కాదు. టార్చి వేసి నీటి అడుగుదాకా చూడాలి. పొడవాటి పిడి ఉన్న గరిటెతో నీరు తీసి, తెల్లటి పళ్లెంలో పోసి పరిశీలించాలి. లార్వా నీటి పైభాగానికి సమాంతరంగా పడుకుని ఉంటే మలేరియాను మోసే అనాఫిలస్, తల కిందికి పెట్టి వేలాడుతుంటే డెంగీని మోసే ఏడిస్ గానీ, క్యూలెక్స్ గానీ అని తేల్చుకుని, దాన్ని ఇంటివాళ్లకు చూపించాలి. ఆ రోజు వచ్చినవారి చేతిలో గరిటె లేదు, టార్చి లేదు. నీరు నిల్వ ఉన్నంత మాత్రాన అందులో లార్వా ఉన్నట్టు కాదు.

అయినా దాచకుండా చెబుతాను. ఆ సాయంత్రం నేనే టార్చి పట్టుకుని చూశాను. తొట్టెలో ఏమీ లేదు గానీ, మూత సరిగా పట్టని ఒక డ్రమ్ములో నాలుగు లార్వాలు కనిపించాయి. ముప్పై ఏళ్లు ఊరందరికీ చెప్పిన నేను నా ఇంట్లో ఆ మూతను పట్టించుకోకపోవడం తప్పే. అప్పటికప్పుడు నీళ్లు పారబోసి, డ్రమ్ము లోపలి గోడలను బ్రష్‌తో రుద్ది, ఎండబెట్టాను. పారబోస్తే సరిపోదని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఏడిస్ దోమ గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని, తడి లేకపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది కనుకనే వారానికొకసారి, శుక్రవారం డ్రై డే (నీటి పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టే రోజు) పాటించమంటారు. ఆ కార్యక్రమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నా అభ్యంతరం జరిమానా వేసిన తీరు మీదనే.

మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు వచ్చిన 1939 నాటి ప్రజారోగ్య చట్టం ఆంధ్రా ప్రాంతానికి ఇప్పటికీ వర్తిస్తుంది. అందులో దోమల నివారణకు ప్రత్యేకంగా నిబంధనలు ఉన్నాయి. దోమలు పెరుగుతున్న నీరు ఉంటే ఆరోగ్యాధికారి ఆ ఇంటి యజమానికి గానీ అందులో ఉంటున్నవారికి గానీ రాతపూర్వక నోటీసు ఇచ్చి, ఏం చేయాలో చెప్పి, అందుకు కనీసం 24 గంటల గడువు ఇవ్వాలన్నది ఆ నిబంధనల సారం. డెంగీ పేరైనా జనం ఎరగని రోజుల్లో ఆ చట్టం రాసినవారికి తోచిన న్యాయం ఇది: ముందు చెప్పాలి, సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వాలి, అప్పటికీ వినకపోతే శిక్షించాలి. మాకు నోటీసూ రాలేదు, గడువూ రాలేదు. వేరే ఏదైనా ఉప నిబంధన కింద అక్కడికక్కడే జరిమానా వేసే అధికారం ఉందంటారా, ఆ నిబంధనేమిటో రసీదు మీద రాయడానికి ఇబ్బంది ఏమిటి?

మా వీధికి కుళాయి నీరు రోజు విడిచి రోజు, అదీ ముప్పావు గంట వస్తుంది. నీరు పట్టి దాచుకోకుండా ఏ ఇల్లాలూ సంసారం నడపలేదు. పైగా మా ఇంటి ముందున్న మురుగు కాలువలో సంక్రాంతి తరువాత పూడిక తీయలేదు. అందులో పెరిగేది బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ. ఏటా ఇంటింటికీ తిరిగి దాని నివారణకు డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగించిన జిల్లాలు మనవి. రాత్రి ఎనిమిది దాటాక లాంతరు పట్టుకుని రక్తపూతలు తీయడానికి తిరిగిన రోజులు నాకు నిన్నటిలా గుర్తున్నాయి. ఆ వ్యాధితో ఉబ్బిన కాలిని ఈడ్చుకుంటూ పొలానికి వెళ్లే మనుషులను చూసినవాణ్ణి కనుక, పెరట్లోని డ్రమ్మును చూసిన కళ్లు వీధిలోని కాలువను చూడకుండా వెళ్లిపోతే నాకు బాధ కలుగుతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది వారం తరువాత జరిగింది. మా పక్క వాటాలో ఇడ్లీలు వేసి అమ్ముకునే ఒక అమ్మ ఉంది. ఆమెకూ రూ.500 పడింది, అంటే ఆమెకు రెండు రోజుల సంపాదన. మరుసటి శుక్రవారం సిబ్బంది వీధి మలుపు తిరగగానే ఆమె డ్రమ్ము మీద పాత దుప్పటి కప్పి, తలుపుకు తాళం వేసి మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. వీధిలో ఇంకా నాలుగైదు ఇళ్లకు తాళాలు కనిపించాయి. నూరు ఇళ్లు చూస్తే ఎన్ని పాత్రల్లో లార్వా ఉందన్న లెక్క మీదనే డెంగీ ముప్పును అంచనా వేస్తారు. లార్వా ఉన్న ఇల్లే తలుపు మూసుకుంటే ఆ లెక్క తక్కువగా వస్తుంది, ఊరు క్షేమంగా ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది, ఆ తరువాత జ్వరాలు మొదలవుతాయి. మా రోజుల్లో గిరిజన గూడేల్లో సైతం ఎవరూ మా ముందు తలుపు మూయలేదు. మేము వారి దగ్గర డబ్బు తీసుకోకపోవడమే అందుకు కారణం.

ఆ రోజు వచ్చిన సిబ్బంది మీద నాకు కోపం లేదు. పైనుంచి చెప్పిన పనే వారు చేసి ఉంటారు. అందుకే ఊరి పేరు గానీ ఎవరి పేరు గానీ రాయడం లేదు. పురపాలక అధికారులను నేను కోరేది ఇంతే. మొదటిసారి లార్వా కనిపిస్తే ఇంటివాళ్లకు చూపించి, తెలుగులో నోటీసు ఇచ్చి, వారం తరువాత మళ్లీ వచ్చి చూడండి. అప్పటికీ సరిచేయనివారికి జరిమానా వేస్తే నేనూ సమర్థిస్తాను. రసీదు మీద చట్టం, సెక్షన్, అప్పీలు ఎవరికి చేసుకోవాలో అచ్చు వేయించండి. నోటీసు లేకుండా వసూలు చేసిన సొమ్మును, ముందుగా ఆ ఇడ్లీల అమ్మకు, తిరిగి ఇవ్వండి. నా అభ్యంతరానికి జవాబు రాకపోతే, రసీదు నకలు తీసుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళతాను. మా డ్రమ్ముకు ఇప్పుడు బిగువైన మూత ఉంది. వచ్చే శుక్రవారం టార్చి, గరిటె పట్టుకుని వస్తే మా తలుపు తెరిచే ఉంటుంది.

ఇట్లు,
విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్,
విజయనగరం జిల్లా