కలబంద పసుపు పాలు దిగనివ్వండి

సంపాదకుడికి,

అయ్యా,

ఎండలు ముదిరేకొద్దీ ఊళ్లలో పార్కుల గేట్ల దగ్గర కలబంద రసానికి గిరాకీ పెరుగుతుంది. అప్పటికప్పుడు ఆకు కోసి, తొక్క తీసి, మిక్సీలో తిప్పి గ్లాసులో పోస్తే తాజాగా ఉందనుకుంటాం. ఆ తొందరే తప్పు.

పచ్చ తొక్కకూ లోపలి గుజ్జుకూ మధ్య పసుపు రంగు చేదు పాలు ఉంటాయి. అవి గట్టిపడితే పచారీ కొట్లో అమ్మే ముసాంబరం. అందులోని అలోయిన్ అనే చేదు పదార్థం పేగులను బలవంతంగా కదిలిస్తుంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు వస్తాయి. రోజూ తాగితే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. గుండెకు డిగాక్సిన్, బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవారికి ఇది చిన్న విషయం కాదు. గర్భిణులు అసలు తాగకూడదు. చేదుగా ఉంటేనే షుగర్‌కు మంచిదన్న మాట నమ్మి మాత్రలతో పాటు తాగేవారికి షుగర్ మరీ దిగిపోవచ్చు. కలబంద పాలతో చేసిన విరేచనాల మందులను చీటీ లేకుండా అమ్మడాన్ని అమెరికా 2002లోనే ఆపేసింది.

జాగ్రత్త కష్టమైనదేం కాదు. అడుగునున్న ముదురు ఆకును మొదలంటా కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గిన్నెలో 15-20 నిమిషాలు నిలబెట్టాలి. పసుపు పాలు బొట్లు బొట్లుగా దిగుతాయి. ముళ్ల అంచులు తీసేసి తొక్కను కాస్త మందంగానే చెక్కాలి. గుజ్జు వృథా అవుతుందని పలచగా చెక్కితే పసుపు పొర గుజ్జుకే అంటుకుని ఉంటుంది. ముక్కలను రెండు మూడు నీళ్లలో కడగాలి. ముక్క గాజులా ఉండాలి, నాలుకకు ఆనిస్తే చేదు తగలకూడదు. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకు మించి ఉంచొద్దు. గులాబీ రంగు తిరిగితే పారేయాలి.

ముఖానికి రాసే జెల్‌లో చిక్కు వేరు. అసలు గుజ్జుకు రంగే ఉండదు, సీసాలో కనిపించే ఆకుపచ్చ కలిపిన రంగే. చిక్కదనం చాలావాటిలో కార్బోమర్ అనే చిక్కబరిచే పదార్థానిది. 200 రెట్లు గాఢమైన కలబంద పొడి 5 గ్రాములు లీటరు నీళ్లలో కలిపినా '99 శాతం అలోవెరా' అని రాసుకునే వీలుంది. వెనక జాబితాలో ఎక్కువ కలిపినవి ముందు వస్తాయి, అందులో 'అలో బార్బడెన్సిస్' (కలబంద శాస్త్రీయ నామం) ఎక్కడుందో చూడండి. ఫినాక్సీఇథనాల్ తర్వాత ఉంటే అది ఒక శాతం లోపే, ఎందుకంటే ఆ నిల్వ మందునే ఒక శాతం మించి వేయకూడదు.

ఏ జెల్ అయినా ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు ఆగాలి. దురద, ఎర్రదనం వస్తే మానేయాలి. కాలినచోట ముందు 20 నిమిషాలు కుళాయి నీళ్లు పారనివ్వాలి, జెల్ ఆ తర్వాతే, అదీ పైపైన కమిలితేనే. లోతు గాయాలకు, ఆపరేషన్ కుట్లకు పెరటి గుజ్జు పెట్టొద్దు, అందులో సూక్ష్మజీవులు ఉండొచ్చు.

ఆహార భద్రతా అధికారులు రసం బండ్లను తనిఖీ చేసేటప్పుడు, ఆకులు నిలబెట్టి పాలు దించే గిన్నె ఉందో లేదో కూడా చూడాలి. సీసాల్లో వచ్చే రసాలపై 'లోపలి గుజ్జు'తో చేసిందో, 'ఆకు మొత్తం'తో చేసిందో తెలుగులో రాయించాలి. ఆకు మొత్తం నూరిన రసంలో అలోయిన్ పోవాలంటే బొగ్గుతో వడపోయాలి. అలా వడపోయని సారాన్ని క్యాన్సర్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ, క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి వర్గంలో చేర్చింది. అందుకే సీసాపై అలోయిన్ ఎంతుందో అంకెల్లో ఉండాలి. పది లక్షల పాళ్లలో 10 మించకూడదన్న కొలతను కలబంద పరిశ్రమ తనకు తానే పెట్టుకుంది, దాన్ని సీసా మీద చూపించడానికి అభ్యంతరం ఎందుకుండాలి?

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, గుంటూరు