దమ్ము (ఆయాసం) మందుల సంగతి మాకు విడమర్చి చెప్పిన సిస్టర్‌కు కృతజ్ఞతలు

నల్గొండ సర్కారు పెద్ద దవాఖానలో మా నాయనను చూసుకున్న నర్సింగ్ సిబ్బంది అందరికీ, వాళ్లలోనూ రాత్రి డ్యూటీ చేసిన ఒక సిస్టర్‌కు, మా ఇంటిల్లిపాది తరఫున దండాలు. ఆమె పేరు రాస్తానంటే "పేరు వద్దక్కా, నా డ్యూటీ నేను చేసిన" అన్నారు. అందుకే పేరు రాయడం లేదు, ఆమె చేసిన పని మాత్రం వివరంగా రాస్తాను. "మంచిగా చూసుకున్నారు" అని ఒక్క మాటతో సరిపెడితే ఆమెకు మందుల గురించి ఎంత తెలుసో, అది మా నాయనకు ఎట్లా అక్కరకొచ్చిందో ఎవరికీ తెలియదు.

నాయన మిర్యాలగూడ రైసు మిల్లుల్లో ఏండ్ల తరబడి హమాలీ పని చేశాడు. మిల్లు దుమ్ము, దానికి తోడు బీడీలు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై ఊపిరి ఆడని దీర్ఘకాలపు జబ్బు) అని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. ఈసారి చలి ముదిరాక దమ్ము ఎక్కువై, నాలుగు మాటలు కూడా కలిపి మాట్లాడలేని స్థితి వస్తే 108లో నల్గొండకు తీసుకుపోయాం. దమ్ముతో పాటు వాంతులు, గుండె దడ. రెండు మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. అవన్నీ కూడా దమ్ము వల్లే అనుకున్నాం.

ఆ సిస్టర్ వచ్చీరాగానే అడిగిన మొదటి మాట, "ఇంట్ల ఏమేం గోలీలు వాడుతున్నడు? చీటీ కాదక్కా, గోలీలే చూపించు." అమ్మ సంచిలో ఉన్న కవర్ తీసి ఇచ్చింది. ఆమె వాటిని మంచం మీద పరిచి ఒక్కొక్కటి తిప్పి చూశారు. దమ్ముకు చాలాకాలంగా వాడుతున్న డెరిఫిలిన్ ఉంది. దాని పక్కనే, విరేచనాలు అవుతున్నాయని ఊళ్లో ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ రెండింటినీ విడిగా పక్కన పెట్టి "ఇవి రెండూ కలిపి ఎన్ని రోజుల నుంచి వేస్తున్నరు? వాంతులు ఎప్పటి నుంచి?" అని అడిగారు. అమ్మ లెక్క చెప్పింది. సిప్రో మొదలుపెట్టాకే వాంతులు మొదలయ్యాయి. తర్వాత "బీడీ ఎప్పుడు మానిండు?" అని కూడా అడిగారు. దమ్ము పెరిగినప్పటి నుంచి నాయన బీడీ ముట్టలేదు.

ఇదంతా ఎందుకు అడిగారో తర్వాత వివరించారు. డెరిఫిలిన్‌లో థియోఫిలిన్ ఉంటుందట. అది రక్తంలో తక్కువుంటే పని చేయదు, కొంచెం ఎక్కువైతే విషమవుతుంది, ఈ రెండింటికీ మధ్య తేడా చాలా తక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్ దాన్ని లివర్‌లో కరగనివ్వదు, కాబట్టి వేసుకునే గోలీ అదే అయినా రక్తంలో మందు పెరిగిపోతుంది. బీడీ పొగేమో ఆ మందును తొందరగా కరిగిస్తుంది. బీడీ మానిన మనిషికి పాత మోతాదే ఎక్కువైపోతుంది. బీడీ మానడం మంచిదే, కానీ మానిన సంగతి డాక్టరుకు చెప్పాలి. వాంతులు, దడ, నిద్ర లేకపోవడం ఇవన్నీ ఆ మందు ఎక్కువైందనడానికి గుర్తులు. ఇంకా పెరిగితే ఫిట్స్ కూడా రావచ్చు. ఆమె వెంటనే డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశారు. డాక్టరు వచ్చి ఈసీజీ తీయించి ఆ రెండు మందులూ ఆపించారు. ఆ తర్వాత వాంతులు తగ్గాయి, దడ తగ్గింది. గోలీల కవర్ తిప్పి చూడాలన్న ఆలోచన ఆమెకు రాకపోయి ఉంటే వాంతులకు ఇంకో ఇంజెక్షన్ పడేది, లోపల మందు అట్లాగే ఉండేది. నాకు ఇప్పుడు తలుచుకున్నా చేతులు చల్లబడతాయి.

అదే కవర్లో ఇంకొకటి దొరికింది. పీల్చే క్యాప్సూల్స్ డబ్బా. సిస్టర్ "ఇది ఎట్ల వాడుతవు తాతా, చేసి చూపియ్" అన్నారు. నాయన క్యాప్సూల్ నోట్లో వేసుకుని నీళ్ల కోసం చెయ్యి చాపాడు. నాకు కాళ్ల కింద భూమి కదిలినట్టయింది. ఆ మందు రాసిచ్చిన చోట కానీ, అమ్మిన చోట కానీ దాన్ని చిన్న మిషన్‌లో పెట్టి తిప్పి, నోటితో గట్టిగా పీల్చాలని ఎవరూ చూపించలేదు. కడుపులోకి పోయిన మందు ఊపిరితిత్తులకు చేరదు. మందు పని చేయడం లేదని ఇంకా బలమైనవి రాయించుకుంటూ పోయాం. సిస్టర్ నాయనను ఒక్క మాట అనలేదు. "నీ తప్పేం లేదు తాతా, చూపిస్తే కదా తెలిసేది" అన్నారు. "ఎట్లా వాడుతున్నారు" అని అడిగితే నాయన "మంచిగనే వాడుతున్న బిడ్డా" అనేవాడు. చేసి చూపించమన్నారు కాబట్టే అసలు సంగతి బయటపడింది.

తర్వాత నెబులైజర్ సంగతి, అంటే మందును ఆవిరిలా చేసి మాస్క్‌తో పీల్పించే మిషన్. మొదటిసారి పెట్టాక నాయనకు చేతులు వణకడం మొదలైంది. మా పెద్దనాన్నకు పక్షవాతం ముందు చేతి వణుకుతోనే వచ్చింది. ఆ భయంతో నాయన మాస్క్ పీకేసి "నాకొద్దు, ఇది నన్ను మంచానికి కట్టేస్తది" అన్నాడు. సిస్టర్ పక్కన కూర్చుని నాడి పట్టుకుని చూశారు. గాలి గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాలను వదులు చేసే మందు చేతి కండరాల మీద, గుండె మీద కూడా కొంత పని చేస్తుందని, అందుకే వణుకు, దడ వస్తాయని, కొంచెం సేపటికి అవే తగ్గుతాయని చెప్పారు. తర్వాత ప్రతిసారీ నెబులైజర్‌కు ముందు, తర్వాత నాడి లెక్కపెట్టి రాసేవారు. పెట్టే ముందే "ఇప్పుడు చేతులు వణుకుతయ్ తాతా, భయపడకు" అనేవారు. ముందే చెప్పిన వణుకుకు నాయన భయపడలేదు. ఒకసారి పిక్కలు పట్టేస్తున్నాయంటే ఆమె తేలిగ్గా తీసుకోలేదు. ఈ మందుకు రక్తంలో పొటాషియం తగ్గవచ్చని డాక్టరుకు చెప్పి పరీక్షకు రక్తం పంపించారు.

నెబులైజర్‌లో కలిపే రెండో మందు ఇప్రాట్రోపియం. దాన్ని మొదలుపెట్టినప్పటి నుంచి ప్రతి పూటా ఆమె అడిగే ప్రశ్న ఒకటుండేది, "తాతా, ఒంటికి మంచిగ పోతున్నవా?" దమ్ముకు వైద్యం చేస్తూ ఇదెందుకు అడుగుతున్నారో మాకు అర్థం కాలేదు. నాయన సిగ్గుతో తల ఊపి ఊరుకునేవాడు. ఒక రాత్రి కడుపు నొప్పి అంటే ఆమె పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూసి, మూత్రం నిలిచిపోయిందని పట్టుకున్నారు. వయసు మీద ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవాళ్లకు ఈ మందు మూత్రాన్ని బిగబట్టేలా చేయవచ్చట. డాక్టరు వచ్చి పైపు వేయించి, ఆ మందు తీసేసి మిగతాది కొనసాగించారు. అరవై దాటిన మగవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. వాళ్లు నోరు తెరిచి చెప్పరు, మనమే అడగాలి. ఆ మందే కళ్లలోకి పోతే నీటికాసులు (గ్లాకోమా) ఉన్నవాళ్లకు ప్రమాదమని, పక్క మంచం పెద్దాయనకు మాస్క్ బదులు నోట్లో పెట్టుకునే గొట్టం వాడారు. అది కూడా నా కళ్లారా చూశాను.

చూడటానికి వచ్చిన చుట్టాలు ఆక్సిజన్ ఎక్కువ పెట్టమని గొడవ చేశారు. రక్తంలో ఆక్సిజన్ చూపించే, వేలికి పెట్టిన మిషన్‌లో 90 కనిపిస్తుంటే ఎవరికైనా టెన్షనే. సీఓపీడీ వాళ్లకు 88 నుంచి 92 మధ్య ఉంచాలని, ఎక్కువ ఇస్తే లోపలి చెడు గాలి (కార్బన్ డయాక్సైడ్) పేరుకుని మనిషి మత్తులోకి పోవచ్చని ఆమె ఓపికగా, ఒక్కొక్కరికీ మళ్లీ మళ్లీ చెప్పారు. ఎవరినీ కసురుకోలేదు.

స్టెరాయిడ్ గోలీలు ఐదు రోజులకు రాశారు. నాయనకు షుగర్ ఉంది. పొద్దున చూస్తే మామూలుగానే ఉండేది. ఈ గోలీకి మధ్యాహ్నం, సాయంత్రమే షుగర్ పెరుగుతుందని సిస్టర్లు ఆ వేళల్లో కూడా చూశారు, నిజంగానే పెరిగింది. తిన్నాకే వేసుకోవాలని, పొద్దునే వేసుకుంటే రాత్రి నిద్ర చెడదని చెప్పారు.

ఇంటికి పంపే రోజు పీల్చే మందును స్పేసర్‌తో (మందు పంపుకు తగిలించి పీల్చే డబ్బా లాంటి గొట్టం) ఇచ్చారు. నాయనతో చేయించి చూసి, తర్వాత అమ్మతో చెప్పించుకున్నారు. ఊపి, పీల్చి, పదంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. స్పేసర్‌ను కడిగి గాలికి ఆరనివ్వాలి, బట్టతో తుడిస్తే మందు దాని గోడలకే అంటుకుంటుంది. అమ్మకు చదువు రాదు. ఇప్పుడు ఇవన్నీ వరుసగా చెప్తుంది, మా వాడకట్టులో దమ్ము ఉన్న ఇంకో ఇద్దరికి చూపించింది కూడా.

ఆ సిస్టర్ మాట విని అర్ధరాత్రి లేచి వచ్చిన డ్యూటీ డాక్టర్లకు, పగటి డ్యూటీ సిస్టర్లకు, పైపు మార్చినప్పుడల్లా నాయన సిగ్గు పోగొట్టిన వార్డు తమ్ముడికి, వార్డు ఊడ్చిన అక్కలకు పేరు పేరునా కృతజ్ఞతలు. సూపరింటెండెంట్ గారికి విడిగా ఉత్తరం రాశాను. వార్డులో ఒక్కో సిస్టర్ ఎంతమందిని చూసుకుంటున్నారో కళ్లారా చూశాను కాబట్టి, ఇంకా సిస్టర్లను వేయాలని కూడా అందులో అడిగాను.

నాయన ఇప్పుడు వాకిట్లో తనంతట తాను నడుస్తున్నాడు. వచ్చే నెల చూపించుకోవడానికి మళ్లీ నల్గొండ వస్తాం. గోలీల కవర్ వెంట తెస్తాం సిస్టర్. నాయన పీల్చే మందు ఎట్లా వాడుతున్నాడో మీరే ఒకసారి చేయించి చూడండి.