డాలరు నోటు ఆపండి, నాణెం దానంతటదే నడుస్తుంది: ట్రెజరీ కార్యదర్శికి బహిరంగ లేఖ

అమెరికా ట్రెజరీ కార్యదర్శి గారికి,

నమస్కారం. ఒహాయోలో చిన్న గ్యాస్ స్టేషన్ (పెట్రోలు బంకు) నడుపుకుంటున్న తెలుగువాణ్ణి. పెన్నీని ఆపేసి మంచి పని చేశారు. ఒక్క సెంటు నాణేనికి మూడున్నర సెంట్లకు పైగా ఖర్చవుతుంటే ఎన్నాళ్లని కొడతారు? 2025 నవంబరులో ఫిలడెల్ఫియా టంకశాలలో చలామణీకి ఆఖరి పెన్నీ కొట్టేశారు. నా క్యాష్ డ్రాయర్‌లో చిల్లరకు ఉన్నవి నాలుగు అరలు: క్వార్టర్ (25 సెంట్లు), డైమ్ (10), నికెల్ (5), పెన్నీ (1). నాలుగోది ఖాళీ కాబోతోంది. అందులో డాలరు నాణెం వేసుకోనివ్వండి. అంటే, ఒక డాలరు నోటు ముద్రించడం ఆపండి.

మీ టంకశాల ప్రయత్నించలేదని అనను. 1979లో మహిళల ఓటుహక్కు కోసం పోరాడిన సుసాన్ బి. ఆంథొనీ బొమ్మతో తెచ్చిన డాలరు నాణెం అచ్చం క్వార్టర్‌లాగే ఉండేది. 2000లో సకగావియా అనే ఆదివాసీ మహిళ బొమ్మతో బంగారు రంగు నాణెం వచ్చింది. 2007 నుంచి కొన్నేళ్లపాటు ఏటా నలుగురేసి అధ్యక్షుల బొమ్మలు వేశారు. టంకశాల ముఖవిలువకే, పోస్టు ఖర్చు కూడా తానే పెట్టుకుని ఇళ్లకు పంపిస్తుంటే, తెలివైనవాళ్లు క్రెడిట్ కార్డు మీద పెట్టెలకు పెట్టెలు తెప్పించుకుని, కార్డు ఖర్చు మీద వచ్చే విమాన మైళ్లు (ఉచిత ప్రయాణ పాయింట్లు) జమ చేసుకుని, నాణేలు నేరుగా బ్యాంకులో కట్టేశారు. (వాళ్లలో మనవాళ్లు లేరంటే నేను నమ్మను.) 2011 డిసెంబరులో చలామణీ కోసం కొట్టడం ఆపేసేనాటికి ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఖజానాల్లో 140 కోట్లకు పైగా డాలరు నాణేలు మూలుగుతున్నాయి.

నోటు దొరుకుతుండగా నాణెం ఎవరడుగుతారండీ? ఆంధ్ర, తెలంగాణల్లో పది రూపాయల నాణేన్ని చాలా దుకాణాల్లో ‘చెల్లదు’ అని తిప్పి పంపేవారు. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లో ప్రకటించాల్సి వచ్చింది. అదే కెనడా 1987లో నాణెం తెచ్చి, 1989లో డాలరు నోటు జారీ ఆపేసింది. బ్రిటన్ 1983లో పౌండు నాణెం తెచ్చి, 1988లో నోటును ఉపసంహరించింది. జనం కొన్నాళ్లు గొణిగి అలవాటు పడ్డారు.

ఇక ఖర్చు సంగతి. నాణేనికి మారితే వందల కోట్ల డాలర్లు మిగులుతాయని ఏళ్ల తరబడి చెప్పిన కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) ఆడిటర్లే, నోటు మన్నిక పెరిగిందని, ఇప్పుడు మారితే నష్టమేనని 2019లో లెక్క మార్చారు. కాబట్టి పొదుపు పేరు చెప్పి మిమ్మల్ని ఒప్పించబోను. ఆ లెక్క ఖజానా వైపు నుంచి వేసింది. కౌంటరు వైపు నుంచి చూస్తే వేరు.

మా దగ్గరికి చూపులేని ఒకాయన వస్తారు. ఐదు డాలర్ల నోటును అడ్డంగా, పదిని నిలువుగా మడిచి పెట్టుకుంటారు, ఒకటిని మాత్రం మడవరు. మీ నోట్లన్నీ ఒకే సైజు కదా మరి. నేను చిల్లర ఇచ్చేటప్పుడు ఒక్కోటీ పైకి చదవాలి, ఆయన ఒక్కోటీ మడుచుకోవాలి. వెనక లైను పెరుగుతుంది. నాణెమైతే చేతిలో పడగానే తెలిసిపోతుంది. గాలి కొట్టుకునే యంత్రమూ అంతే: నలిగిన నోటును తీసుకోదు, కస్టమరు నా దగ్గరికొచ్చి క్వార్టర్లు అడుగుతాడు.

మా ఇళ్లలో పెళ్లిళ్లకు చదివింపులు 51, 101 డాలర్లుగా రాస్తాం. ఆ పైన ఒక్కటి నాణెమైతే ఇంకా బాగుంటుంది, కానీ అది నా స్వార్థం.

చట్టం చేయాల్సింది కాంగ్రెసేనని తెలుసు. నోటు ముద్రణ ఆపే తేదీ స్పష్టంగా వేసి ఒక ప్రతిపాదన పంపండి. ఈసారి నాణెం అంచు క్వార్టర్‌కు పూర్తిగా వేరుగా ఉండేలా చూడండి. తేదీ లేకుండా మాత్రం ఒక్క కొత్త నాణెం కూడా కొట్టించకండి.

ఇట్లు,
ఒహాయో నుంచి ఒక గ్యాస్ స్టేషన్ యజమాని