అధ్యయన విభాగం వార్షిక నివేదిక: కొత్త రాష్ట్రపతిని పాతవారితో తూచడం ఎలా

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశం అధ్యయన విభాగానికి ఒకే పని అప్పగించింది. రాష్ట్రపతి మారిన ప్రతిసారీ వాదన ఒకటే: ముందున్నవారు మేలా, ఇప్పుడు వచ్చినవారు మేలా అని. ఈ వాదనకు ఒక పద్ధతి ఏర్పరచమన్నారు. ఈ ఏడాది నెలవారీ సమావేశాలు దానికే సరిపోయాయి. గ్రంథాలయం, పిల్లల వ్యాసరచన పోటీ, జమాఖర్చులు కార్యదర్శి నివేదికలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఎత్తడం లేదు.

మేం తేల్చుకున్నది ఇది. రాష్ట్రపతిని తూచేముందు ఆయన బల్ల మీదికి ఏ ఫైలు వచ్చిందో చూడాలి. ఫైలు వచ్చినా ఏమీ చేయకపోతే ఆ గడిలో సున్నా వేయాలి. అసలు ఫైలే రాకపోతే గడిని ఖాళీగా వదలాలి. మన దగ్గరికి వచ్చిన పట్టికల్లో చాలావరకు ఈ రెండింటినీ కలిపేశాయి. ఫలితంగా గడ్డుకాలంలో పనిచేసినవారికి ఎక్కువ మార్కులో, ఎక్కువ తిట్లో పడ్డాయి. ప్రశాంతంగా ఐదేళ్లు గడిపినవారు రబ్బరు స్టాంపులైపోయారు.

పట్టిక వేసిన తీరు

ఒక్కో రాష్ట్రపతికి ఒక కాగితం. దాని తలమీద రెండు వరుసలు: పదవీకాలం, ఆ కాలంలో అమల్లో ఉన్న రాజ్యాంగ పాఠం. కింద ఐదు పద్దులు: 111వ అధికరణ కింద బిల్లులు, 356 కింద రాష్ట్రపతి పాలన సిఫార్సులు, 72 కింద క్షమాభిక్ష, ప్రధాని ఎంపిక, రాష్ట్రపతి నివాసాలు జనానికి తెరవడం. ప్రతి పద్దులో మూడు గడులు: ఏం వచ్చింది, ఏం చేశారు, ఎన్నాళ్లు పట్టింది. అడుగున గెలిచిన ఓట్లకు ఒక గడి.

పదవీకాలం రాయడం అందరికీ తెలిసిన పనే, కానీ చాలామంది వదిలేసేది కూడా అదే. రాజేంద్రప్రసాద్ పన్నెండేళ్లు ఉన్నారు. జాకిర్ హుస్సేన్ 1967 మేలో వచ్చి 1969 మేలో పదవిలోనే కన్నుమూశారు. ఫకృద్దీన్ అలీ అహ్మద్ కూడా 1977 ఫిబ్రవరిలో అలాగే పోయారు. పోనీ ఏడాదికింత అని భాగించి చూద్దామా అంటే అదీ కుదరదు. రాజ్యాంగ సంక్షోభాలు నెలజీతంలా సమంగా రావు.

రెండో వరుస ఇంకా ముఖ్యం. మంత్రిమండలి సలహా ప్రకారమే రాష్ట్రపతి నడుచుకోవాలని 1976 నాటి 42వ సవరణ నేరుగా రాసింది. ఆ సలహాను ఒకసారి పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చని 1978 నాటి 44వ సవరణ చేర్చింది. కేబినెట్ రాతపూర్వకంగా తెలియజేస్తేనే అత్యవసర పరిస్థితి ప్రకటించాలన్న షరతు కూడా ఆ సవరణతోనే వచ్చింది. 1975 జూన్ 25 రాత్రి ఫకృద్దీన్ సంతకం చేసేటప్పటికి కేబినెట్ భేటీయే జరగలేదు. మంత్రులు ఆమోదించింది మర్నాడు పొద్దున. అందుకని ఆయన్ని 1997లో రాష్ట్రపతి పాలన సిఫార్సును తిప్పి పంపిన నారాయణన్ పక్కన పెట్టి 'ఈయన పంపలేదేం' అంటే లెక్క సరిపోదు, నారాయణన్ చేతిలో ఉన్న వాక్యం ఆయన చేతిలో లేదు. అలాగని ఆ సంతకం బరువు తగ్గదు. కేబినెట్ ఎక్కడని ఒక్క మాట అడగడానికి ఏ అధికరణమూ అడ్డు రాదని ఈ విభాగం అభిప్రాయం.

ఓట్ల లెక్కలో జారుడు

పోలిక మొదలుపెట్టగానే అందరూ అందుకునేది గెలిచిన ఓట్లు. 2017లో రామ్‌నాథ్ కోవింద్‌కు వచ్చిన ఓట్ల విలువ 7,02,044. 2022లో ద్రౌపది ముర్ముకు 6,76,803. పాతికవేలు తగ్గాయి కాబట్టి మద్దతు తగ్గిందనే వాదన మన సమావేశంలోనూ వినిపించింది.

అసలు తక్కెడే మారింది. 2017లో జమ్మూకశ్మీర్ శాసనసభ ఉంది: 87 మంది సభ్యులు, ఒక్కొక్కరి ఓటు విలువ 72, మొత్తం 6,264. 2022 నాటికి ఆ సభ లేదు. ఎంపీ ఓటు విలువను ఎమ్మెల్యేల ఓట్ల మొత్తాన్ని ఎన్నికైన ఎంపీల సంఖ్య 776తో భాగించి తేలుస్తారు కాబట్టి అదీ 708 నుంచి 700కి దిగింది. 776 మందికి ఎనిమిదేసి చొప్పున 6,208. రెండూ కలిపితే 12,472. ఎన్నికల గణం (రాష్ట్రపతికి ఓటేసే ఎంపీలు, ఎమ్మెల్యేలు) మొత్తం విలువ 10,98,903 నుంచి 10,86,431కి తగ్గింది, తేడా సరిగ్గా అంతే. కనుక అంకెల్ని వదిలి శాతాలు చూడాలి: 65.65, 64.03. తేడా ఉంది, కానీ పాతికవేలు అన్నప్పుడు వినిపించినంత లేదు.

మన రెండు రాష్ట్రాలకూ ఇదే వర్తిస్తుంది. 2012లో ప్రణబ్ ముఖర్జీ ఎన్నికైనప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 148. 2017కి ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132. జనాభా పెరగడం వల్ల కాదు, లెక్కకు ఇప్పటికీ 1971 జనాభాయే ఆధారం. ఆంధ్రప్రదేశ్ భాగానికి 2,78,00,586 మంది, 175 స్థానాలు. తెలంగాణ భాగానికి 1,57,02,122 మంది, 119 స్థానాలు. జనాభాను స్థానాలతో, ఆపైన వెయ్యితో భాగించి, అర దాటితే ఒకటి కలుపుకోవాలి. పదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయించాం, పెద్దలకంటే వాళ్లే ముందు ముగించారు.

శాతం కూడా అన్నిచోట్లా పనికిరాదు. 1969లో వి.వి. గిరికి మొదటి ప్రాధాన్యంలో 4,01,515 వచ్చాయి, అది సగానికి తక్కువ. రెండో ప్రాధాన్య ఓట్లు కలిశాక 4,20,077తో గెలిచారు, నీలం సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. అదే సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా నెగ్గారు. 37 నామినేషన్లు పడితే 36 తిరస్కరణకు గురయ్యాయి. ఇద్దరూ తెలుగువారే. ఇద్దర్నీ ఓట్లతో పోల్చే దారి లేదు. ఆ గడి ఖాళీగా వదిలాం.

తిప్పి పంపిన బిల్లులు

ఈ పద్దులో వరుసగా వచ్చిన జైల్‌సింగ్, వెంకట్రామన్ జంటను మించిన పాఠం లేదు. ఉత్తరాలను తెరిచి చూసే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టే తపాలా సవరణ బిల్లు 1986లో పార్లమెంటు దాటి జైల్‌సింగ్ దగ్గరికి వచ్చింది. ఆయన సంతకమూ చేయలేదు, తిప్పీ పంపలేదు. 1987 జులైలో దిగిపోయేదాకా బల్ల మీదే ఉంచారు. ఎన్నాళ్లలో తేల్చాలో 111వ అధికరణలో గడువు లేదు, ఆ సందునే వాడుకున్నారు. ఆ ఫైలు వెంకట్రామన్‌కు సంక్రమించింది. ఆయనా రెండేళ్లకు పైగా కదపలేదు. ప్రభుత్వం మారాక, 1990 జనవరిలో తిప్పి పంపారు. 2002లో బిల్లును ఉపసంహరించుకున్నారు.

తిప్పి పంపినవి ఎన్ని అని మాత్రమే లెక్కిస్తే వెంకట్రామన్‌కు ఒకటి, జైల్‌సింగ్‌కు సున్నా. పెద్ద మెజారిటీ ఉన్న ప్రభుత్వం ఎదురుగా ఉండగా ఆ బిల్లుకు అడ్డుకట్ట వేసిందెవరో ఆ అంకె చెప్పదు. మూడో గడి పెట్టింది ఇందుకే: 'ఎన్నాళ్లు పట్టింది' అన్నచోట తేదీలు వేస్తే కథ తనంతట తానే బయటపడుతుంది.

కొన్ని లాభదాయక పదవుల్లో ఉన్నా ఎంపీ సభ్యత్వం పోకుండా చూసే బిల్లును అబ్దుల్ కలాం 2006 మేలో తిప్పి పంపారు. పార్లమెంటు అదే బిల్లును మళ్లీ ఆమోదించింది, ఆగస్టులో ఆయన సంతకం పెట్టారు. లొంగిపోయారని కొందరు రాసి పంపారు. రెండోసారి వచ్చిన బిల్లుకు ఆమోదం ఆపే వీలు 111వ అధికరణలో లేదు, కాబట్టి ఆ మాట కొట్టేశాం.

రాష్ట్రపతి పాలన

నారాయణన్ 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ సిఫార్సును గుజ్రాల్ మంత్రివర్గానికి, 1998లో బిహార్ సిఫార్సును వాజ్‌పేయి మంత్రివర్గానికి తిప్పి పంపారు. రెండు వేర్వేరు కూటములకు ఒకే జవాబు ఇచ్చారన్నది గమనించాలి. మొదటిది అక్కడితో ఆగింది. బిహార్ సిఫార్సు 1999 ఫిబ్రవరిలో మళ్లీ వచ్చింది, సంతకం అయింది, రాజ్యసభలో బలం లేక మార్చిలో రద్దయింది.

తర్వాత వచ్చిన కలాం 2005 మేలో బిహార్ శాసనసభ రద్దుకు మాస్కో పర్యటనలో ఉండగా సంతకం చేశారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. జనాదరణలో కలాం ఎక్కడో ఉంటారు, ఈ పద్దులో మాత్రం నారాయణన్ మెరుగు. ఒక పద్దులోని మార్కును ఇంకో పద్దుకు మోయవద్దని మనవి.

ఇక్కడ వాతావరణం కూడా రాయాలి. 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన బొమ్మై తీర్పు వచ్చాక 356 ప్రకటన కోర్టు పరిశీలనకు నిలబడాల్సి వచ్చింది. దాని తర్వాత ప్రశ్నించడం ముందుకంటే తేలిక. శంకర్‌దయాళ్ శర్మ పదవీకాలం మధ్యలో ఆ తీర్పు వచ్చింది కాబట్టి ఆయన కాగితాన్ని రెండు ముక్కలుగా వేశాం.

క్షమాభిక్ష

అన్నిటికన్నా ఎక్కువ గొడవ జరిగిన పద్దు ఇదే. కలాం నిర్ణయించినవి రెండే: ఒకటి తిరస్కరణ, ఒకటి శిక్ష తగ్గింపు. ప్రతిభా పాటిల్ కాలంలో 30 మందికి పైగా ఉరి తప్పింది. ప్రణబ్ ముఖర్జీ కసబ్, అఫ్జల్ గురు, యాకూబ్ మెమన్‌లతో సహా చాలా అర్జీలను తోసిపుచ్చారు. దాంతో ఒకరిది నాన్పుడు, ఒకరిది దయ, ఒకరిది కాఠిన్యం అని ముద్రలు పడ్డాయి.

ఫైలు నడిచే దారి చూస్తే ఆ ముద్రలు సగం చెరిగిపోతాయి. అర్జీ కేంద్ర హోంశాఖకు చేరుతుంది, అక్కడ సిఫార్సు తయారవుతుంది, ఆ సలహాతో రాష్ట్రపతి భవన్‌కు వెళుతుంది. ఆ సలహాను కాదని సొంతంగా తీర్పు ఇచ్చే అధికారం రాష్ట్రపతికి లేదు. ఒకసారి తిప్పి పంపవచ్చు, లేదా ఉంచుకోవచ్చు. అందుకే ఈ పద్దులో అర్జీ అందిన తేదీ, హోంశాఖ సలహా పంపిన తేదీ, నిర్ణయం తేదీ మూడూ వేరుగా వేయాలి. మొదటి రెండింటి మధ్య జాప్యం హోంశాఖది, చివరి రెండింటి మధ్యది రాష్ట్రపతిది.

రాజీవ్ గాంధీ హత్య కేసులో ముగ్గురి అర్జీలు 2000లో వచ్చాయి, 2011లో తిరస్కరణకు గురయ్యాయి. మధ్యలో నారాయణన్, కలాం, పాటిల్ ముగ్గురి కాలాలూ గడిచాయి. ఆ పదకొండేళ్ల ఆలస్యాన్ని కారణంగా చూపి 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చింది. తిరస్కరణ పాటిల్ పేరన నమోదైంది, ఆలస్యంలో ఇంతో అంతో ముగ్గురికీ వాటా ఉంది. ముందువారి బాకీ తర్వాతివారి పద్దులో పడే చోటు ఇది.

ప్రధాని ఎంపిక

1996లో శంకర్‌దయాళ్ శర్మ అతిపెద్ద పార్టీ నేతగా వాజ్‌పేయిని పిలిచారు, ఆ ప్రభుత్వం 13 రోజులు నిలిచింది. 1998లో నారాయణన్ ముందు మద్దతు లేఖలు చూపమన్నారు. రెండేళ్ల తేడాలో ఇద్దరికీ ఎవరికీ మెజారిటీ లేని సభే ఎదురైంది కాబట్టి ఇది నిజంగా పోల్చదగిన జంట. 2014లో ప్రణబ్‌కు, 2019లో కోవింద్‌కు ఒకే పార్టీకి మెజారిటీ ఉన్న సభ వచ్చింది. ఎంచడానికేమీ లేదు, గడులు ఖాళీ.

నివాసాలు తెరవడం

బొల్లారం రాష్ట్రపతి నిలయం ఒకప్పుడు శీతాకాల విడిది ముగిశాక కొద్దిరోజులే జనానికి తెరిచేవారు. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా తెరిచి ఉంటోంది. సందర్శకుల సంఖ్యలో ముర్ము కాలం ముందుండక తప్పదు. కోవింద్ కాలంలో రెండేళ్లు కరోనా మింగేసింది. నిర్ణయాన్ని లెక్కలోకి తీసుకున్నాం, తలల లెక్కను తీసుకోలేదు.

పట్టిక నింపేవారికి

ఓట్ల వివరాలు ఎన్నికల సంఘం దగ్గర, బిల్లుల తేదీలు గెజిట్‌లోను పార్లమెంటు బులెటిన్లలోను, క్షమాభిక్ష అంకెలు పార్లమెంటులో హోంశాఖ ఇచ్చిన జవాబుల్లో దొరుకుతాయి. సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. సలహాలో ఏముందని అడిగితే మంత్రిమండలి సలహాకు సంబంధించిన 74వ అధికరణ చూపించి తిరస్కరించే అవకాశం ఎక్కువ. తేదీలు మాత్రమే అడగండి. వాట్సాప్‌లో తిరిగే వీడ్కోలు ప్రసంగాల ముక్కలు ఏ గడిలోనూ వేయకండి.

పదవిలో ఉన్నవారి కాగితంపై పెన్సిల్‌తోనే రాయాలి. ముర్ము 2025 మేలో బిల్లుల గడువుపై 14 ప్రశ్నలు సుప్రీంకోర్టుకు పంపారు. గడువు విధించలేమని నవంబరులో కోర్టు అభిప్రాయం చెప్పింది. తర్వాతివారిని తూచేటప్పుడు ఇది కూడా తలమీది రెండో వరుసలోకి ఎక్కుతుంది.

ఇదే పద్ధతిలో మన సంఘం అధ్యక్షులను, మాజీ అధ్యక్షులను తూచమని కొందరు సభ్యులు చీటీలు పంపారు. అది సర్వసభ్య సమావేశం చూసుకోవలసిన పని, ఈ విభాగం జోలికి రాకుండా ఉంటే మేలు.

వచ్చే ఏడాదికి రెండు తెలుగు రాష్ట్రాల గవర్నర్ల పట్టిక వేయాలని ప్రతిపాదిస్తున్నాం. 2014 జూన్ నుంచి 2019 దాకా రెండు రాష్ట్రాలకూ నరసింహన్ ఒక్కరే గవర్నరు కాబట్టి ఆయనకు రెండు కాగితాలు కావాలి. ఖాళీ పట్టికలు సంఘం కార్యాలయంలో ఉన్నాయి. నింపిన పట్టికల్లో ప్రతి తేదీ పక్కన అది ఎక్కడ దొరికిందో రాయండి, లేనివాటిని తిప్పి పంపుతాం.