కామస్ పూతకు నాలుగేళ్లు: వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల సూపరింటెండెంట్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి,

ఈ నేల ఆదివాసీ తెగల్లో ఒకటైన కలిస్పెల్ ప్రజల గురించి పిల్లలకు చెప్పడానికి నవంబరులో ఒక పూట కేటాయిస్తే సరిపోదు. నాలుగో తరగతిలో మొదలై ఏడో తరగతి దాకా సాగే ఒకే పాఠం కావాలి. దానికి నాలుగేళ్ల నిధులు ఒకేసారి మంజూరు చేయాలి. ఇదే మా విన్నపం. తెలుగులో ఎందుకంటే, ఈ రాష్ట్రపు బడుల్లో మా భాషవారి పిల్లలు వేలల్లో చదువుతున్నారు. తాము స్థిరపడిన నేల ఎవరిదో వాళ్ల తల్లిదండ్రులకూ తెలియాలి.

2015 నాటి చట్టం ప్రకారం, సాంఘిక శాస్త్ర పాఠ్యాలను సమీక్షించేటప్పుడు ప్రతి పాఠశాలా జిల్లా తనకు దగ్గరలోని తెగ చరిత్ర, సంస్కృతి, పాలన చేర్చాలి. ఈశాన్య మూలన పాండొరే నది ఒడ్డున ఉన్న బడులకు ఆ తెగ కలిస్పెల్. 1914లో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వుతో అస్క్ అనే ఊరి దగ్గర వాళ్లకు రిజర్వేషన్, అంటే తెగకు ప్రత్యేకించిన భూభాగం, ఏర్పడింది. కానీ ఆ లోయలో కామస్ అనే నీలిపూల మొక్క దుంపలు కాల్చిన గుంట పొయ్యిలు ఐదు వేల ఏళ్లకు పైబడినవి. తిండి, భాష, పురావస్తువు మూడూ ఆ పొయ్యి దగ్గరే కలుస్తాయి. అందుకే మూడు వేర్వేరు పాఠాలు వద్దు, ఆ ఒక్క పొయ్యి గురించి చెప్పండి చాలు.

ముందు మొక్క సంగతి. కామస్ విత్తనానికి చలి తగలనిదే మొలక రాదు, కాబట్టి అక్టోబరులో ఒక సెంటీమీటరు లోతున చల్లి, శీతాకాలమంతా తడిగా ఉంచాలి. వసంతంలో వచ్చేది ఒకే ఒక్క సన్నటి ఆకు, అచ్చం గడ్డిపోచలా ఉంటుంది. బడి తోటల్లో ఈ పంట పోయేది ఎక్కువగా ఇక్కడే: వేసవిలో పనివాళ్లు కలుపు అనుకుని పీకేస్తారు, లేదా ఆకు పండకముందే కోత యంత్రం తిప్పుతారు. ఆకు దానంతటది ఎండాలి, అప్పుడే దుంప ఊరుతుంది. మడి చుట్టూ మోకాలెత్తు తడక కట్టి పలక పెడితే ఈ నష్టం తప్పుతుంది. పూత మూడో ఏటో నాలుగో ఏటో వస్తుంది. నాలుగో తరగతిలో విత్తిన పిల్ల ఏడో తరగతిలో నీలిపువ్వు చూస్తుంది. మీ రాష్ట్ర చరిత్ర పాఠాలు కూడా ఆ రెండు తరగతుల్లోనే ఉన్నాయి. ఏడాది గ్రాంటు అయితే ఆ మడి గడ్డిపోచ దశలోనే ఆగిపోతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. డెత్ కామస్ అనే విషపు మొక్క అవే గడ్డి మైదానాల్లో పెరుగుతుంది. దాని పూలు మీగడ రంగులో ఉంటాయి. పువ్వు రాలిపోయాక దుంపను చూసి రెండింటినీ వేరు చేయడం కష్టం. కాబట్టి బయట తవ్విన దుంపను ఏ బడిలోనూ పిల్లలకు తినిపించకూడదు. రుచి చూపించాలంటే తెగవారు సిద్ధం చేసి ఇచ్చినదే పెట్టాలి.

పచ్చి కామస్‌లో ఉండే ఇన్యులిన్ అనే పిండిపదార్థం మన కడుపులో అరగదు, ఉబ్బరం చేస్తుంది. గుంటలో కాలిన రాళ్లు పరిచి, పైన తడి ఆకులు, దుంపలు, మళ్లీ ఆకులు, మట్టి కప్పి ఒకటి నుంచి మూడు రోజులు ఆవిరిమీద మగ్గనిస్తే ఆ ఇన్యులిన్ ఫ్రక్టోజ్ చక్కెరగా మారుతుంది. తెల్లటి దుంప నల్లబడి తియ్యగా అవుతుంది. పొద్దున పెట్టి సాయంత్రం తీసే ప్రదర్శన వద్దు. సగం ఉడికిన దుంప తిన్న పిల్లలకు కడుపునొప్పే గుర్తుంటుంది. ఏటిలోంచి తెచ్చిన తడి రాళ్లను నిప్పుల్లో వేయకూడదు, లోపలి నీరు ఆవిరై అవి పగిలి ఎగిరిపడతాయి.

ఇక పురావస్తు తవ్వకం నేర్పడం. ఇసుక తొట్టిలో బాణపు మొనలు దాచి వెతికించే ఆటను దయచేసి ఆపించండి. దానివల్ల పిల్లలు నేర్చేది నిధి వేట. వస్తువు ఎక్కడ, ఏ పొరలో, దేని పక్కన ఉందో నమోదు కాకపోతే అది చెప్పే చరిత్ర పోయినట్టే. మేం సూచించేది 60 సెంటీమీటర్ల చదరపు పెట్టె, 30 సెంటీమీటర్ల ఎత్తు. అడుగున ఇసుక, ఆపైన ఎర్రగా కాలిన మట్టి, బొగ్గు, వేడికి పగిలి అంచులు తేలిన రాళ్లు, అన్నిటికీ పైన మామూలు మట్టి. దారాలతో 20 సెంటీమీటర్ల గళ్లు తొమ్మిది కట్టాలి. ఐదేసి సెంటీమీటర్ల చొప్పున చిన్న తాపీతో గీకుతూ, ప్రతి మట్టాన్నీ గీసిన కాగితం మీద గుర్తించాలి. మట్టిని మూడు మిల్లీమీటర్ల జల్లెడలో పట్టాలి. అంతకన్నా పెద్ద కన్నులుంటే మాడిన దుంప తునకలు జారిపోతాయి, అసలు సాక్ష్యం అదే. నలుగురు పిల్లలకు ఒక పెట్టె. పూర్తయ్యాక అడగాల్సిన ప్రశ్న "ఏం దొరికింది" అని కాదు, "ఇక్కడ ఎవరో ఏం వండారు, ఎలా తెలిసింది" అని.

నిజమైన స్థలాల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఈ రాష్ట్రంలో సొంత భూమిలోనైనా అనుమతి లేకుండా పురాతన స్థలాన్ని తవ్వడం నేరం. పొయ్యిలున్న చోట్లు పటాల్లో గుర్తించి పిల్లలకు పంచకూడదు. ఫోను ఫొటోల్లో నమోదయ్యే స్థల వివరం కూడా తీసేయాలి, దోపిడీదారులకు అదే దారి చూపుతుంది.

భాష దగ్గర మాకు పట్టింపు ఎక్కువ. కలిస్పెల్, స్పోకేన్, మోంటానా సేలిష్ ఒకే భాషకు యాసలు. వడ్లకు, బియ్యానికి, అన్నానికి తెలుగులో వేర్వేరు మాటలున్నట్టే, పచ్చి కామస్‌కు ఒక పేరు, కాల్చిన కామస్‌కు మరో పేరు ఆ భాషలో ఉన్నాయి. ఇంగ్లిషులో రెంటికీ కామసే. పొయ్యి పక్కన నిలబడి ఆ రెండు మాటలు నేర్చిన పిల్లకు పాఠం సగం వచ్చినట్టే. కానీ ఇంగ్లిషు అక్షరాల్లో రాసిస్తే ధ్వనులు చచ్చిపోతాయి. నాలుకను 'ల' స్థానంలో ఆనించి, గొంతు పలకకుండా పక్కల నుంచి గాలి వదిలే ధ్వని ఒకటుంది. 'క'కు ఇంకా వెనక, కొండనాలుక దగ్గర పుట్టేది మరొకటి. గొంతు బిగించి టప్పున విడిచే హల్లులు మరికొన్ని. ఇవి చూసి చదివితే రావు, విని పలకాలి. వారానికి రెండు ధ్వనులు, రోజూ పది నిమిషాలు, తెగ గుర్తించిన భాషా ఉపాధ్యాయులతో. వాళ్లకు మిగతా టీచర్లతో సమానంగా జీతం ఇవ్వాలి, పెద్దలను పిలిస్తే ప్రయాణ ఖర్చూ పారితోషికమూ ఇవ్వాలి. రికార్డింగులు తెగ ఆస్తి, వాళ్ల అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టకూడదు.

కాలం కూడా వాళ్లదే పాటించాలి. కయోటీ (తోడేలు జాతి జంతువు) కథలు చలికాలంలో చెప్పుకునేవి, మే నెల పరీక్ష ముందు చదివించేవి కావు. దుంపల పాఠం పూతకాలంలో, పొయ్యి పాఠం దాని తర్వాత.

ఈ అక్టోబరులో విత్తనం పడాలంటే కలిస్పెల్ తెగ భాష, సంస్కృతి విభాగాలతో మీ కార్యాలయం ఒప్పందం వేసవి సెలవులకు ముందే కుదరాలి. ఏది చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు అన్న చివరి మాట ఆ ఒప్పందంలో తెగదే అని రాయించండి.

ఇట్లు,
వాషింగ్టన్ రాష్ట్రంలోని కొందరు తెలుగు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు