బడికి రాని పిల్ల ఇంటికి ఎవరు పోవాలె?

సంపాదకుల వారికి నమస్కారం,

నేను సికింద్రాబాద్ వైపు ఒక సర్కారు హైస్కూల్లో టీచర్ని. ఇప్పుడు మా దగ్గర మొహం చూసి హాజరు వేసే యాప్ ఉంది, పొద్దున్నే ఫోన్ చూపిస్తే ఎవరొచ్చారో ఎవరు రాలేదో పైఆఫీసు దాకా తెలిసిపోతుంది, కానీ రానివాళ్ళు ఎందుకు రాలేదో ఇంటికి పోయి కనుక్కునే మనిషే లేడు.

మా ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయి సోమవారం వస్తే మళ్ళీ గురువారం దాకా కనిపించేది కాదు. ఫోన్ చేస్తే స్విచాఫ్, లేదంటే "జ్వరం మేడమ్" అని తండ్రి పెట్టేసేవాడు. పెళ్ళి సంబంధం ఏదో చూస్తున్నారని స్టాఫ్ రూమ్‌లో సగంమంది అనేసుకున్నారు. అప్పట్లో ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చదివే స్టూడెంట్ ఒకామె ఫీల్డ్ వర్క్‌కి మా స్కూల్‌కి వచ్చేది, ఆమె బస్తీకి పోయి తల్లి పని నుంచి వచ్చేదాకా గడప దగ్గరే కూర్చుంది. తీరా చూస్తే పెళ్ళీ లేదు ఏమీ లేదు. తల్లి తెల్లారకముందే అపార్ట్‌మెంట్లలో పనికి పోతుంది, తండ్రి తాగి పడుకుంటాడు, మూడేళ్ళ తమ్ముణ్ణి చూసే దిక్కు లేక ఈ పిల్ల ఇంట్లో ఉండిపోతోంది. ఆ స్టూడెంటే అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడి పిల్లాణ్ణి చేర్పించింది, సాయంత్రం తీసుకురావడానికి పక్కింటి అత్తని ఒప్పించింది. తండ్రి తాగుడు ఏం తగ్గలేదు, పిల్ల మాత్రం బడికొస్తోంది, కాకపోతే లేటుగా. ఆ స్టూడెంట్ ఫీల్డ్ వర్క్ అయిపోయింది, వెళ్ళిపోయింది.

మరి ఇది టీచర్ చేయొచ్చు కదా అంటారు. సిలబస్, ఆన్‌లైన్ ఎంట్రీలు, ఎలక్షన్ డ్యూటీలు పోను ఏ టైంలో పోవాలె? పైగా టీచర్ ఇంటికొస్తే మావాడు ఏం తప్పు చేశాడో అని తల్లిదండ్రులు భయపడతారు, ఉన్న మాట చెప్పరు. సీఆర్పీలు (కొన్ని బడులకి కలిపి ఒకరుండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) ఉన్నారు గానీ వాళ్ళని లెక్కలకే వాడుకుంటున్నారు. 2024లో బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, మంచిదే, నల్లాలు, టాయిలెట్లు బాగు చేయించారు, అంతవరకే. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ముస్కాన్ అని పోలీసులు పనిలో ఉన్న పిల్లల్ని పట్టుకొస్తారు, ఫొటోలు మీ పేపర్లోనే చూస్తాం, కానీ ఇంట్లో అప్పు అలాగే ఉంటే ఆ పిల్లాడు మళ్ళీ అదే పనికి పోడా? మిగతా పది నెలలు వాణ్ణి ఎవరు చూస్తారు? పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది నిజమే, కానీ ఫోన్ చేయాలంటే ముందు పిల్ల ఎవరికో ఒకరికి నోరు విప్పి చెప్పాలి కదా. పిల్లల మీద లైంగిక వేధింపులు జరిగితే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు కంప్లైంట్ ఇచ్చి తీరాలి, అసలు తెలిసేదెలా, నిండా పిల్లలున్న క్లాసులో లేచి నిలబడి చెబుతుందా?

నేనేం కొత్తది అడగట్లేదండి. కౌన్సిలర్లో, ట్రైనింగ్ ఉన్న సోషల్ వర్కర్లో స్కూళ్ళతో, స్కూల్ కాంప్లెక్సులతో (దగ్గర దగ్గర బడుల గుంపులు) కలిసి పిల్లలతో, తల్లిదండ్రులతో ఎప్పటికప్పుడు పనిచేయాలని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాసుంది. స్కూల్ కాంప్లెక్సులు మనకి ఎప్పట్నుంచో ఉన్నాయి. ఒక్కో కాంప్లెక్స్‌కి ఒక్క సోషల్ వర్కర్ని ఇవ్వండి చాలు, ముందు పాతబస్తీ, సికింద్రాబాద్ వైపు కొన్నిట్లో పెట్టి చూడండి, అడ్డా కూలీల పిల్లలు, గాజుల కార్ఖానాలకి పోయే పిల్లలు అక్కడే కదా ఎక్కువ. ఆ మనిషికి మాత్రం డేటా ఎంట్రీ పని అంటగట్టొద్దు, అంటగడితే ఇంకో సీఆర్పీ అవుతారు అంతే.

పోస్టులకి డబ్బుల్లేవంటే, ఉస్మానియాలో, గచ్చిబౌలి రోడా మిస్త్రీ కాలేజీలో సోషల్ వర్క్ చదివేవాళ్ళకి ఫీల్డ్ వర్క్ ఎలాగూ ఉంటుంది, జూన్‌లో బడులు తెరిచేలోపు విద్యాశాఖ ఆ కాలేజీలతో మాట్లాడి, ఒక్కొక్కరిని ఏడాదంతా ఒకే బడికి పంపేలా చూడాలి, మధ్యలో మార్చకుండా.

— ఒక ప్రభుత్వ హైస్కూల్ టీచర్, హైదరాబాద్
(పేరు వేయొద్దని మనవి)