కొత్త లెన్స్ కొన్నాం, రేటు మాత్రం పెంచడం లేదు

అందరికీ నమస్కారం. పోయిన నెల మన స్టూడియోకి 24-70 ఎఫ్2.8 లెన్స్ కొన్నాం. 24-70 అంటే జూమ్ పరిధి, అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు పడుతుంది. ఎఫ్ అంటే లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఎక్కువ వెలుగు వస్తుంది. కొన్న రోజే స్టేటస్‌లో "ఇక ప్రతి ఫొటో డబుల్ షార్ప్" అని పెట్టాను. పెళ్లి ప్యాకేజీ రేటు పెంచుతానని ఇద్దరు ముగ్గురితో అన్నాను కూడా. తొందరపడి అన్న మాట అది. వెనక్కి తీసుకుంటున్నాను.

మొన్న ఆదివారం షాపు మూశాక మా ఆవిడ కంచిపట్టు చీరని స్టాండుకి వేలాడదీసి, కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, జరీ అంచు ఫొటో తీశాను. ముందు కెమెరాతోపాటు వచ్చిన పాత 18-55 కిట్ లెన్స్‌తో, తర్వాత కొత్తదాంతో, రెండూ ఎఫ్8లోనే. 12x18 ప్రింట్లు వేసి మా ల్యాబ్ కుర్రాడికిస్తే, ఏది ఏ లెన్స్‌దో ఎంతసేపు చూసినా చెప్పలేకపోయాడు. సిస్టంలో బాగా జూమ్ చేస్తే మూలల్లో మాత్రం కొత్తదే మేలు, పోగు పోగు విడిగా కనిపిస్తోంది. కానీ పెళ్లి ఫొటోలో మూలల్లో ఉండేది ఎక్కువగా పూల డెకరేషనే కదా.

అసలు తేడా రాత్రి ముహూర్తాల్లో ఉంది. పాత లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్5.6 మించి తెరుచుకోదు. కొత్తది ఎంత జూమ్ చేసినా ఎఫ్2.8 దాకా తెరుచుకుంటుంది, అంటే నాలుగు రెట్ల వెలుగు. సెకనులో 60వ వంతు షట్టర్‌తో తీసేది 250వ వంతుతో తీయొచ్చు. తలంబ్రాలప్పుడు 60లో వేళ్లు పొగలా చెదిరిపోతాయి. 250లో బియ్యం గింజలు కాస్త సాగినా ముఖాలు, చేతులు నిలబడతాయి. అయితే ఎఫ్2.8లో పెళ్లికూతురి కళ్లు షార్ప్‌గా ఉంటే, అడుగు వెనక ఉన్న మేనమామ మెత్తబడతాడు, అంటే మసగ్గా వస్తాడు. పైగా మన కెమెరాకి 24 వెడల్పు చాలదు, పాతదాని 18 ఇంకా వెడల్పుగా పడుతుంది. స్టేజీ మీద ఇరవై మంది నిలబడితే పాత లెన్సే తీయాలి.

ఇంకో మాట. శ్రావణంలో చేసిన రెండు పెళ్లిళ్ల ఫొటోలు మెత్తగా వచ్చాయని మీరంటే, "లెన్స్ పాతదండి" అని సర్దిచెప్పాను. ఆ ఫైళ్లు మళ్లీ తెరిచి చూశాను. మండపం స్తంభాలు స్పష్టంగా ఉన్నాయి, మనుషులే కదిలిపోయారు. అది లెన్స్ తప్పు కాదు. ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ ఫొటో వెలుతురుగా వచ్చేలా చేసే కెమెరా సెట్టింగ్) పెంచితే గ్రెయిన్, అంటే చుక్కలు చుక్కలుగా వస్తుందని భయపడి షట్టర్ వేగం తగ్గించింది నేనే. నాలుగైదు ఫొటోల్లో ఫోకస్ కూడా వెనక పూలదండ మీద పడింది.

అందుకని రేట్లు పాతవే. రాత్రి పెళ్లిళ్లకి కొత్త లెన్స్ వాడతాను, దానికి అదనంగా ఏమీ తీసుకోను. ఆ రెండు కుటుంబాలవాళ్లూ దయచేసి ఆల్బం తీసుకురండి. కదిలిన ఫొటోల బదులు అదే ఘట్టంలో బాగా వచ్చినవి వెతికి పెట్టాను. షీట్లు మార్చి మళ్లీ బైండింగ్ చేయించి ఇస్తాను, డబ్బులు వద్దు. ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లం ఫొటోకి మాత్రం వేరే ఫ్రేము లేదు. ఆ అమ్మాయి వాళ్లింటికి నేనే వచ్చి చెప్తాను.